ఇరవైకి పదమూడు

"ఇంగ్లీషు గ్రామర్ ఏమైనా గుర్తుందా?" అని అడిగాడు పెద్దాయన, ఫైల్లోంచి తల ఎత్తకుండానే.

డిపార్ట్‌మెంటులో ఆయన్ని అందరూ పెద్దాయన అనే అంటారు. అసలు పేరు తెలిసినవాళ్లు కొందరు రిటైరయ్యారు, కొందరు పోయారు. ఎదురు కుర్చీలో కూర్చున్న ఏజెంటుకు ఆ గదిలో అలాంటి పిలుపు కూడా లేదు. ఒక నంబరు ఉంది. నలభై ఒకటి.

"బళ్లో చదివినంత."

"పాసివ్ వాయిస్?"

"ఎవరు చేశారో చెప్పకుండా పని జరిగిపోయిందని చెప్పడం. మన రిపోర్టులన్నీ అవే కదా సర్."

పెద్దాయన నవ్వలేదు. బల్ల మీద రెండు ఫొటోలు పక్కపక్కన పెట్టాడు. ఇద్దరూ శవాలే. ఒకడు లిఫ్టులో దొరికాడు, ఇంకొకడు ఈతకొలనులో. మధ్యలో ఆరు రోజుల తేడా.

"సరిహద్దు అవతల, పటాలు గీసే ఆఫీసులో ఒక గుమస్తా ఉండేవాడు. మన ఏజెంట్లలో ఒకరు అవతలివాళ్లకి అమ్ముడుపోయారనీ, ఆ ముఖం తను చూశాననీ కబురు పంపాడు. ఈ ఇద్దరూ ఆయన్ని దాటించారు. ఆయన్ని కళ్లారా చూసినవాళ్లు మనలో వీళ్లిద్దరే."

"ఇప్పుడు ఆయనెక్కడ?"

"మన దగ్గరే. ఒంటరిగా వచ్చాడు. కోడ్ వర్డ్ చెప్పాడు, ఉత్తరం చూపించాడు. మన ఏజెంట్లందరి ఫొటోలూ ఉన్న ఆల్బమ్ ఆయన ముందు పెడితే, ఎవరో వేలు పెట్టి చూపిస్తాడు."

"పెట్టెయ్యచ్చుగా."

"నలభై ఒక్క ముఖాలు ఒకే పుస్తకంలో బయటికి తియ్యాలంటే ఏడు సంతకాలు కావాలి. మన ఆఫీసు సంగతి నీకు తెలుసు. సంతకానికి వారం. అంతవరకూ ఆయన్ని బతికించడం నీ పని."

ఆయన్ని దాచింది ఒక కోచింగ్ సెంటర్లో. సాక్ష్యం ఇచ్చాక దూరదేశానికి పంపాలి. ఇంగ్లీషు ముక్క రాదు. సూదిని గడ్డివాములో దాస్తే ఎప్పటికైనా దొరుకుతుంది, సూదుల డబ్బాలో దాస్తే దొరకదన్నది పెద్దాయన సిద్ధాంతం. అందుకని విదేశాల్లో ఉద్యోగాలకు వెళ్లబోయే ముప్పై మంది మధ్య ఆయన్ని కూర్చోబెట్టారు. పాఠం చెప్పే మాస్టారుగా నలభై ఒకటో నంబరు వెళ్లాలి.

"ఆ క్లాసులో ఇంకో మనిషి ఉంటుంది," అన్నాడు పెద్దాయన. "బ్యూటీషియన్ వేషం. డబల్ ఏజెంట్. రెండు వైపులా పనిచేస్తుంది. మన వైపే కాస్త ఎక్కువని తనంటుంది."

"మీరేమంటారు?"

"నేనేమీ అనను. నువ్వు చూసి చెప్పు."

సరఫరా విభాగం అతనికి మూడు వస్తువులిచ్చి మూడు సంతకాలు తీసుకుంది. మాట్లాడే వాచీ, వెనక ఉన్నవాళ్లు కనిపించే కళ్లజోడు, కెమెరా ఉన్న డస్టర్. డస్టర్ రెండో రోజే సుద్దపొడి మింగి చచ్చిపోయింది. అతన్ని లిఖితపూర్వకంగా వివరణ అడిగారు.

*

కోచింగ్ సెంటర్ మూడో అంతస్తులో ఉంది. కింద తాళాలు బాగుచేసే షాపు. పొద్దున్న ఏడు నుంచి తొమ్మిది వరకు క్లాసు. నర్సులు, డ్రైవర్లు, ఒక వెల్డర్, ఇద్దరు కుట్టుపనివాళ్లు. చివరి బెంచీలో కిటికీ పక్కన, తెల్లజుట్టు, అరిగిపోయిన కోటు. అందరూ అప్పటికే ఆయన్ని బాబాయ్ అంటున్నారు.

మొదటి రోజు క్లాసు సగంలో తలుపు తెరుచుకుంది. ముందు సెంటు వాసన వచ్చింది. తర్వాత నల్లకళ్లద్దాలు, ఎర్రటి గోళ్లు. వెల్డర్ చేతిలో పెన్ను కింద పడింది.

"ఆలస్యమైంది మాస్టారూ. ద రూమ్ ఈజ్ ఫిల్డ్ విత్... తర్వాత ఏమొస్తుంది?"

"సైలెన్స్," అన్నాడు అతను. అది కోడ్.

ఆమె తలూపి ముందు బెంచీలో కూర్చుంది. క్లాసయ్యాక మెట్ల మీద దాటిపోతూ, పెదవులు కదలకుండా అంది. "ఇక్కడ నేను నటించక్కర్లేదు. నాకు నిజంగానే ఇంగ్లీషు రాదు."

అతను నమ్మలేదు. అంత ముచ్చటగా అబద్ధమాడే మనిషి గ్రామర్‌లో మాత్రం ఎందుకు ఆడదు?

పాఠం మాత్రం సాగింది. రోజుకు ఇరవై ఖాళీలు. పాసివ్ వాక్యంలో సరైన ప్రిపోజిషన్ పెట్టాలి. ముప్పై ఒక్క మందీ అన్ని ఖాళీల్లోనూ 'బై' రాసుకొచ్చారు.

"అన్నిటికీ బై పెట్టేస్తే తలనొప్పి పోద్ది కదా సార్," అన్నాడు వెల్డర్. "మన 'చేత' లాగా."

"మనం మాత్రం అన్నిటికీ చేత అంటామా? పండు ఎవరి చేత కోయించావు?"

"తమ్ముడి చేత."

"తమ్ముడు కత్తి చేత కోశాడా?"

"కత్తితో కోశాడు సార్."

"అదే తేడా. మనిషైతే బై, చేతిలో పనిముట్టయితే విత్. నువ్వు పుట్టినప్పట్నుంచీ చేస్తున్న పనే ఇది. ఇంగ్లీషువాడొచ్చి నేర్పక్కర్లేదు."

క్లాసు నవ్వింది. ఒకరు చేసిన పనివల్ల పదిమంది నవ్వడం, ఆ నవ్వు తన వైపు తిరిగి ఉండటం అతనికి కొత్త. పద్దెనిమిదేళ్లుగా అతను చేసిన పనులకు ఎవరూ నవ్వలేదు. చేసింది అతనని ఎవరికీ తెలియదు కూడా.

"నేను మీకు తెలుసు అనాలంటే?" అడిగిందొక నర్సు.

"తెలియడం ఒకరు చేసే పని కాదు. అందుకని బై రాదు. మీకు తెలుసు. కు. ఐ యామ్ నోన్ టు యు."

చివరి బెంచీలోంచి నెమ్మదిగా చెయ్యి లేచింది. "మరి మాస్టారూ, నేనెవరికీ తెలియను అనాలంటే?"

"ఐ యామ్ నోన్ టు నోబడీ."

"ఇది రాసుకోవాలి," అన్నాడు బాబాయ్. "వెళ్లే చోట నాకు పనికొచ్చే వాక్యం ఇదొక్కటే."

మళ్లీ నవ్వారు. ఆ సాయంత్రం అద్దెగదిలో తలుపుకు ఎదురుగా కూర్చుని, ఉన్న ఒక్క కప్పులో టీ తాగుతూ, అతను ఆ వాక్యాన్ని పైకి అని చూశాడు. ఇంగ్లీషులో అన్నప్పుడు వేరే ఎవరి గురించో అన్నట్టు తేలిగ్గా ఉంది. తెలుగులో అనబోయి మానేశాడు.

*

క్లాసయ్యాక ఇద్దరూ మెట్ల మీద కూర్చునేవాళ్లు. కాపలాకు కాపలా, కబుర్లకు కబుర్లు. కళ్లజోడు అంచులో వీధి కనిపిస్తూ ఉండేది. పక్కన బాబాయ్ మాట వినిపిస్తూ ఉండేది.

"పటంలో ఊరు పెట్టాలంటే ముందు చుక్క పెడతాం మాస్టారూ. పేరు తర్వాత. ఒక్కోసారి పేరు రాయడం మర్చిపోతారు. అయినా చుక్క ఉంటే ఊరున్నట్టే."

"అందులో ఉండేవాళ్లు?"

"వాళ్లు పటంలో ఎక్కడ కనిపిస్తారు? ఇంతకీ మీకెవరున్నారు?"

"ఎవరూ లేరు."

అది కవర్ స్టోరీలో రాసిన జవాబే. రాసినవాడికి కల్పించే శ్రమ తప్పింది.

బాబాయ్ నోటుబుక్కు అతను అందరికంటే చివర దిద్దేవాడు, భోజనంలో ఇష్టమైన ముద్ద చివరికి దాచుకున్నట్టు. మొదటి వారం ఇరవైకి మూడు వచ్చాయి. రెండో వారం అయిదు. పేజీ నిండా రబ్బరు మరకలు. వయసు మీద పడ్డ మనిషి చెరుపుకుంటూ, రాసుకుంటూ ఎంత తంటాలు పడుతున్నాడో అనుకునేవాడు. మార్జిన్లో ఎర్ర సిరాతో చిన్న అక్షరాల్లో రాసేవాడు. 'దారిలో పడ్డారు.' 'తొందరేం లేదు.' ఏడో వారానికి పదమూడు వచ్చాయి. ఒక మనిషికి తన వల్ల ఏదో వచ్చింది. రిపోర్టులో రాయడానికి వీల్లేని సంతోషం అది.

మూడో వారంలోనే ఒకరోజు బాబాయ్ గొంతు తగ్గించాడు. "ముందు బెంచీ అమ్మాయి ఉందే, ఎర్రగోళ్ల అమ్మాయి. మా ఆఫీసులో ఒకసారి చూసినట్టు గుర్తు. పెద్ద గదిలో. తప్పయితే క్షమించండి, ముసలి కళ్లు."

అతను ఆ సాయంత్రమే రిపోర్టు పంపాడు. 'బ్యూటీషియన్ ఫోను మీద నిఘా పెట్టవలసిందిగా సిఫారసు చేయడమైనది.' ఎవరు చేశారో అందులో లేదు. ఉండదు కూడా.

పెట్టారు. ఆమెకు తెలియదు.

*

ఏడో సంతకం గురువారం పడింది. శుక్రవారం పొద్దున్న పదింటికి కోచింగ్ సెంటర్ ముందు కారు ఆగింది. బాబాయ్ మెట్లు దిగుతూ వెనక్కి తిరిగి, "థాంక్యూ మాస్టారూ," అని కారెక్కాడు. పదకొండున్నరకి ఆల్బమ్. ఎక్కడన్నది అతనికి చెప్పలేదు. తెలియాల్సిన అవసరం లేదు.

సరఫరా విభాగం మనిషి వచ్చి వాచీ, కళ్లజోడు, చచ్చిన డస్టర్ లెక్క చూసి పట్టుకెళ్లాడు. మిషన్ క్లోజ్డ్. ఒంటిగంటకు రైలు.

గదిలో సర్దుకోవడానికి ఏమీ లేదు. బల్ల మీద ముప్పై ఒక్క నోటుబుక్కులు మాత్రం ఉన్నాయి. గురువారం తీసుకున్నవి. సోమవారం కొత్త మాస్టారు వస్తాడు, అతనే చూసుకుంటాడు. నిజంగా మాస్టారైతే దిద్దకుండా వెళ్లడు కదా అనుకున్నాడు. మాస్టారు కానివాడు కూడా వెళ్లలేకపోయాడు.

ఈసారి బాబాయ్ పుస్తకం ముందు తెరిచాడు. మళ్లీ పదమూడు. ఏడు తప్పులు, ఏడింట్లోనూ బై.

ఎర్రపెన్ను ఆగిపోయింది.

ఇన్నాళ్లూ సాయంత్రాలు ట్యూబులైటు కింద దిద్దాడు. వెలుగు నెత్తిమీదనుంచి పడేది. ఇప్పుడు పక్క కిటికీలోంచి ఎండ అడ్డంగా పడుతోంది. కాగితం మీద పెన్సిలు నొక్కిన గాడులు నీడలు పట్టుకుని లేచి నిలబడ్డాయి. తప్పుగా రాసిన ప్రతి 'బై' కింద చెరిపేసిన ఇంకో మాట ఉంది. విత్. టు. ఎట్. ఇన్. ఏడూ సరైనవే.

వెనక పేజీలు తిప్పాడు. ఆరో వారం. నాలుగో వారం. మొదటి రోజు. ప్రతి పేజీలోనూ అదే. ముందు ఒప్పు రాశాడు, దాన్ని చెరిపి తప్పు రాశాడు.

మిగతా పుస్తకాలు నాలుగు తెరిచి ఎండకు పెట్టాడు. నర్సు, వెల్డర్, డ్రైవర్, కుట్టుపనామె. వాళ్లూ చెరిపారు. అనుమానంలో ఒకసారి ఒప్పును పాడుచేసుకున్నారు, మరోసారి తప్పును బాగుచేసుకున్నారు. తెలియనివాడి రబ్బరు రెండు వైపులా నడుస్తుంది. ఈయనది ఒక వైపే నడిచింది. ఏడు వారాల పాటు, ఒక్కసారి కూడా దారి తప్పకుండా.

మూడు, అయిదు, ఎనిమిది, పదమూడు. ఆ మెట్లు పాఠానివి కావు. ఎదుటివాడికి ఏం కావాలో చూసి, కొలిచి, వారానికింత చొప్పున పెట్టిన మేత అది. తనవల్ల ఒకరికి ఏదో వచ్చిందన్న సంతోషంతో కళ్లు మూసుకుపోతాయని ఆయనకు ఎలా తెలిసింది? 'మీకెవరున్నారు' అని అడిగి తెలుసుకున్నాడు.

ముఖం తెలిసిన ఇద్దరూ చచ్చిపోయారు. ఆ తర్వాతే ఈయన ఒంటరిగా వచ్చాడు. అసలు గుమస్తా దారిలోనే ఎక్కడో ముగిసిపోయి ఉంటాడు. మరికాసేపట్లో నలభై ఒక్క ముఖాలు ఒక్కొక్కటిగా ఈ మనిషి కళ్ల ముందు తిరుగుతాయి. చివరి పేజీ తనదే.

పదకొండు ఇరవై.

ఆఫీసు నంబరు నొక్కాడు. "మీరు డయల్ చేసిన నంబరు వాడుకలో లేదు." మిషన్ మూసిన క్షణం నుంచి లైను తెగిపోతుంది. అది రూలు. మళ్లీ ఎప్పుడో వాళ్లే పిలవాలి. ఈలోగా అతను వాళ్లకి ఎవరూ కాడు.

వాచీ లేదు. అడ్రసు తెలియదు. ఈ ఊళ్లో తన మాట వినే మనిషి ఎవరు?

వినే మనిషి ఒకడున్నాడు. నాలుగు వారాలుగా చెవులు రిక్కించుకుని కూర్చున్నాడు. తనే పెట్టించాడు.

బ్యూటీషియన్ నంబరు నొక్కాడు. మూడు రింగులకు ఎత్తింది.

"మాస్టారూ? మిషన్ అయిపోయాక ఫోనేంటి?"

"ఈ మాట మీక్కాదు మేడమ్. మన మాటలు వింటున్నవాళ్లకి. బాబాయ్ దొంగ సాక్షి. నోటుబుక్కులో ముందు ఒప్పు రాసి, దాన్ని చెరిపి తప్పు రాశాడు. ఆల్బమ్ తెరవద్దు. పెద్దాయనకి వెంటనే చెప్పండి. మళ్లీ చెబుతున్నా, ఆల్బమ్ తెరవద్దు."

అవతల మోగుతున్న హెయిర్ డ్రయర్ టక్కున ఆగిపోయింది.

"నా ఫోను వింటున్నారా?"

"అవును."

"ఎప్పట్నించి?"

"నాలుగు వారాలు."

"ఎవరు పెట్టించారు?"

ఇలాంటి ప్రశ్నకు డిపార్ట్‌మెంటు నేర్పిన జవాబు ఒకటుంది. పెట్టబడింది. అంతే. అది అతని నాలుక చివరిదాకా వచ్చింది.

"నేనే," అన్నాడు.

"నువ్వా," అంది ఆమె. 'మీరు' అన్న మాట ఎక్కడో జారిపోయింది. "అందరిలోకీ నువ్వొక్కడివే నా అసలు పని తెలిసినవాడివని, ఆ గదిలో కాస్త ఊపిరి పీల్చుకునేదాన్ని. తెలుసా నీకు?"

"తెలియదు."

"ఇప్పుడు తెలిసిందిగా. టైమెంత?"

"ఇరవై మూడు. వాళ్లు వింటున్నారో, టేపు తిరుగుతోందో కూడా తెలియదు. టేపైతే సాయంత్రం గానీ వినరు."

"ఉండు. మా షాపెదురు సందులో ఐసు వ్యాను ఒకటి నెల నుంచి కదల్లేదు. ఇంజను చెడిందేమో, ఐసు కరిగిపోతుందేమో అని జాలిపడ్డాను కూడా. నా బుద్ధికి చెప్పుతో కొట్టాలి."

ఫోను పెట్టలేదు. మడమల చప్పుడు, తలుపు గంట, వీధి. ఎవరో హారన్ కొట్టారు. ఆమె వాడికి జవాబు చెప్పింది, అది ఏ గ్రామర్ పుస్తకంలోనూ దొరకదు. తర్వాత రేకు మీద దబదబా బాదిన శబ్దం. పళ్లెం కింద పడిన చప్పుడు.

"తలుపు తియ్యి. అన్నం తర్వాత తినొచ్చు. చెవుల్లోవి తీసి వీధిలోకి రా నాయనా, నన్ను నేరుగానే విను."

తర్వాత లైను తెగింది.

అతను ఫోను చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. పదకొండు ఇరవై ఎనిమిది. ముప్పై. ముప్పై ఒకటి. బయట ఎవరో మెట్లు ఎక్కుతున్న చప్పుడు వినిపించి, పై అంతస్తుకి పోయింది. అతను నోటుబుక్కులన్నీ మళ్లీ ఒక దొంతరగా పేర్చాడు. ఇంకేం చేయాలో తోచలేదు.

*

రైలు వెళ్లిపోయింది. మూడింటికి పెద్దాయనే స్వయంగా ఆ గదికి వచ్చాడు. ఒకే కుర్చీ ఉంది. అందులో కూర్చుని మోకాళ్లు నిమురుకున్నాడు.

"ఆల్బమ్ తాళం తీశాను. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుంటున్నాడు. అందులో కెమెరా ఉందని తర్వాత తెలిసింది. అట్ట ఎత్తబోతుంటే వాకీటాకీ మోగింది. చేతికి ఏదీ అందలేదయ్యా. పోయి ఆల్బమ్ మీద కూర్చున్నా."

"ఆయన?"

"కదల్లేదు. కళ్లజోడు పెట్టుకుని నా వైపు చూశాడు. ఇవాళ మన దగ్గర దిగిన ఫొటో నాదొక్కటే, అదీ కూర్చుని."

"ఇంతకీ మనలో అమ్ముడుపోయినవాడు?"

"ఉన్నాడో లేడో. బహుశా ఆ అమ్మాయి ఫొటో దగ్గర వేలు పెట్టి, మనల్ని మనచేతే చంపించేవాడు. మిగతా నలభై మందిని వాళ్లు చూసుకునేవాళ్లు." పెద్దాయన ఆగాడు. "ఎలా దొరికానని అడిగాడు. చెరిపావని చెప్పా. కాసేపు ఆలోచించి, 'తప్పు రాయాలంటే ముందు ఒప్పు రాసుకోవాల్సి వచ్చేది, చెయ్యి వినేది కాదు' అన్నాడు."

"ఇంకేమన్నా అన్నారా?"

"ఇంకేం అంటాడు?"

అతను కిటికీ వైపు చూశాడు. మెట్లు, కబుర్లు, పేరులేని చుక్కలు. వాటిలో ఏదైనా ఒకటి నిజమై ఉంటుందా అని ఆయన్ని అడగాలి. అడిగే వీలున్న మనిషి ఈ లోకంలో ఆయనొక్కడే.

"ఆమె?" అన్నాడు.

"క్లియర్ చేశాం. క్షమాపణ కూడా చెప్పాం, నోటిమాటగా. నీతో మళ్లీ పనిచేస్తావా అని అడిగా." పెద్దాయన గొంతు సవరించుకున్నాడు. "ఆయనెవరో నాకు తెలియదు అంది. రూలు ప్రకారం అలాగే అనాలనుకో."

"అవును. రూలే."

పెద్దాయన సాక్ష్యం కింద బాబాయ్ నోటుబుక్కు చంకలో పెట్టుకుని వెళ్లిపోయాడు. మిగిలినవి ముప్పై. తర్వాతి రైలు ఆరింటికి. అతను కుర్చీ కిటికీ దగ్గరికి జరుపుకుని ఎర్రపెన్ను మూత తీశాడు.

ఇరవై ఏడోది ఆమెది. అట్ట మీద ఇంకా సెంటు వాసన ఉంది. ఎండకు అడ్డంగా పట్టి చూశాడు. ఒక్క గాడి లేదు. ఒక్క రబ్బరు మరక లేదు. పైనుంచి కిందిదాకా నిబ్బరంగా, ఏ అనుమానం లేకుండా ఇరవై బైలు. ఆ క్లాసులో దాచుకోవడానికి ఏమీ లేని పుస్తకం అదొక్కటే.

మార్జిన్లో ఏదో రాద్దామని చాలాసేపు కూర్చున్నాడు. ఏ మాట రాసినా అది మాస్టారు రాసినట్టే ఉంది. చివరికి లెక్కపెట్టి మార్కులు వేశాడు. నలభై ఒక్క ప్రాణాలు కాపాడిన మనిషే అయినా, ఇరవైకి నాలుగు దాటించడానికి అతనికి చెయ్యి రాలేదు.